కాల్చేసిన చీటీలు

ఆనందబాబు చేసిన అన్యాయం ఏమిటంటే, సైలస్ నేల తీసుకుని దేవుడికి ఇచ్చేశాడు. తనే మింగి ఉంటే సైలస్ ఈపాటికి ఆయన గుమ్మం ముందు బైఠాయించి, వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి ఉండేవాడు. దేవుడికిచ్చిన దాన్ని ఏ మొహం పెట్టుకుని వెనక్కి అడుగుతాడు? దెబ్బ అక్కడ కొట్టాడు ఆనందబాబు.

చీరాల రోడ్డు వారగా అయిదు సెంట్ల ప్లాట్లు వేస్తున్నారు, మన సంఘం వాళ్ళకైతే మొదటి ధరకే ఇప్పిస్తానని చెక్కు రాయించుకున్నది సంఘ పెద్దయిన ఆయనే. అమెరికాలో, డల్లాస్ పక్క కాపెల్‌లో తన కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చోబెట్టి, ఒప్పందం కాగితం మీద సంతకం చేయించి, తనూ చేసి, పాస్టరు జూడ్ అయ్యగారి చేత ప్రార్థన చేయించాడు. తర్వాత ఆ కాగితాన్ని మూలనున్న పెద్ద జెరాక్స్ మిషన్‌లో పెట్టి కాపీ తీశాడు. అసలూ కాపీ రెండూ తన ఫైల్లోనే పెట్టుకున్నాడు, రిజిస్ట్రేషన్‌కి కావాలని. "నాకో కాపీ ఇప్పించండి" అన్న మాట సైలస్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పుడే ఆమేన్ అన్న నోటితో కాపీ అడగడమంటే నిన్ను నమ్మట్లేదని దేవుడి ఎదుటే చెప్పినట్టు. వాళ్ళ సంఘంలో అలా ఎవరూ అడగరు. సైలసూ అడగలేదు.

ఆ ప్లాటు హ్యూస్టన్‌లో ఎవరో డాక్టరుగారికి వెళ్ళిపోయింది, పైధరకి. ఈస్టర్ ఆరాధనలో ఆనందబాబు మైకు పట్టుకుని, "మన సైలస్ బ్రదర్ గోడౌన్‌లో ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టిందంతా మందిర నిర్మాణానికి ఇచ్చేశారు" అని ప్రకటించాడు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ముసలమ్మలు వచ్చి సైలస్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ తర్వాత పార్కింగ్‌లో అడిగితే ఆనందబాబు భుజం మీద చెయ్యేసి, "కాగితమా? ఏ కాగితమయ్యా? నువ్వు చెక్కిచ్చావు, నేను కానుకలో వేశాను. పైవాడి బ్యాంకులో పడింది, అక్కడ వడ్డీ ఎక్కువ" అని నవ్వాడు.

అలాంటి మనిషి బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సైలసూ, నువ్వు పాత కంప్యూటర్లూ అవీ విప్పే గోడౌన్‌లోనే కదా చేసేది? ఆఫీసు ఫ్రిస్కోకి మారుస్తున్నామయ్యా. ఇక్కడో మొద్దు మిషన్ ఉంది. నీ ట్రక్ తెచ్చి పట్టుకుపో. నీకేమన్నా పనికొస్తే ఉంచుకో."

రానని చెప్పొచ్చు. సైలస్ వెళ్ళాడు. ఎందుకెళ్ళావని తర్వాత తనని తనే అడుక్కున్నాడు గానీ, పెద్దల మాటకి ఎదురు చెప్పే అలవాటు నోటికి లేదు. లోపల ఎంత కాగుతున్నా పైకి "అలాగేనండి" అనేస్తుంది అది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయిన నోరది. నర్సు ఉద్యోగం వచ్చిన భార్య వెనకాల ఇంత దూరం వచ్చినా మారలేదు.

ఆఫీసంతా అట్టపెట్టెలు. ఆనందబాబు కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరికో వీసా సంగతి చెప్తున్నాడు. ప్రిస్సిల్లా నేల మీద కూర్చుని టేపు అంటిస్తోంది. ఆవిడ ఆ ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు సంఘానికి సెక్రటరీ. సంఘానికంటూ ఒక ఆఫీసు లేదు. అమెరికన్ల చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటారంతే. అందుకని సంఘం కాగితాల పనంతా ఆవిడ ఇక్కడే, ఆ మిషన్ మీదే చేసుకుంటుంది.

మిషన్ సైలస్ నడుము దాకా ఉంది. మూత మీద ఎవరో వేలితో గీసినట్టు దుమ్ము. వైరు పీకి చుట్టి, ట్రేలు లాగి, చక్రాల లాకులు కాలితో తన్ని ఊడదీస్తుంటే ప్రిస్సిల్లా తలెత్తింది.

"బాబుగారూ, ఇందులో మన కాగితాలేమైనా ఉండిపోతాయేమో. పాస్‌పోర్టులన్నీ దీంట్లోనే తీశాం కదా."

ఆనందబాబు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కంప్యూటర్లన్నీ తుడిపించానమ్మా. ఇది జెరాక్స్ మిషను. నువ్వు పొద్దున అద్దంలో చూసుకుంటావు, పక్కకి తప్పుకుంటావు. నీ మొహం అద్దంలో ఉండిపోతుందా?"

ప్రిస్సిల్లా నవ్వేసింది. సైలస్ మిషన్ వెనక వంగి ఉన్నాడు. పోయిన నెల గోడౌన్‌లో అచ్చం ఇలాంటి దాన్నే విప్పుతూ వెనక రేకు తియ్యకుండా తుక్కులో పడేస్తే, సూపర్‌వైజరు అందరి ముందూ అరిచాడు. ఆ రేకు కింద పుస్తకమంత డిస్క్ ఉంటుంది. తీసిన ప్రతి కాపీ ముందు దాని మీద పడి, తర్వాతే కాగితం మీదికి వస్తుంది. పడింది చాలావరకు పోదు.

చెబుదామని నడుము ఎత్తాడు. అప్పుడు తట్టింది. తన కాగితం కూడా దీంట్లోనే పెట్టారు. ఈ మూత కిందే.

"వెళ్ళొస్తానండి" అన్నాడు సైలస్. "ఎవరైనా ఒక చెయ్యి వేస్తే ట్రక్ ఎక్కిస్తాను."

"నేను వేస్తాలే," అంటూ ఆనందబాబే లేచి వచ్చి అవతలి పక్క పట్టాడు. ఎత్తేటప్పుడు ఆయాసపడ్డాడు. పికప్ వెనక తలుపు వేశాక చొక్కా దులుపుకుని, "ప్రైజ్ ద లార్డ్ సైలసూ. శని వదిలింది" అన్నాడు.

*

గురువారం లంచ్ టైమ్‌లో సైలస్ తన డబ్బా తెరవలేదు. గోడౌన్ వెనక నీడలో ట్రక్ ఆపి, వెనక ఎక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టెక్సస్ ఎండకి ట్రక్ రేకు ప్యాంటులోంచి చుర్రుమంటోంది. మిషన్ వీపుకున్న స్క్రూలు ఒక్కొక్కటే తీసి టోపీలో వేసుకున్నాడు. ఒకటి గుండు అరిగిపోయి తిరగలేదు. రబ్బరు బ్యాండు ముక్క దాని మీద పరిచి, స్క్రూడ్రైవర్ గట్టిగా అదిమి తిప్పితే మొరాయించి మొరాయించి వచ్చింది. రేకు పక్కకి జరిపితే లోపల టోనర్ పొడి, నల్లటి సన్నటి బూడిదలా. మూతి పెట్టి ఊదబోయి ఆగాడు. ఊదితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తటి బ్రష్‌తో తుడిచాడు. డిస్క్ వేళ్ళకి తగిలింది. అరచేతిలో పెట్టుకుంటే బరువుగా ఉంది, కాస్త వెచ్చగా కూడా. ఎండకి వేడెక్కిందని తెలిసినా, లోపల ఏదో ఉండబట్టే వెచ్చగా ఉందనిపించింది.

ఇంటికొచ్చేసరికి ప్రేమజ్యోతి డ్యూటీ బట్టలు వేసుకుని వంటగది గట్టు దగ్గర నిలబడి ఏదో రాస్తోంది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని రాయడం ఆవిడకి అలవాటు. అది ప్రార్థన చీటీ. ప్రతి గురువారం రాస్తుంది. మర్నాడు ఉపవాస ప్రార్థనకి ప్రిస్సిల్లా వచ్చి అందరి చీటీలూ పట్టుకెళ్ళి, తలో కాపీ తీసి, ప్రార్థన చేసే ఆడవాళ్ళకి పంచుతుంది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని ఆ కష్టాలన్నిటి కోసం ప్రార్థిస్తారు. నెలాఖరు ఆదివారం అసలు చీటీలూ కాపీలూ అన్నీ కలిపి చర్చి వెనక బార్బెక్యూ గ్రిల్‌లో వేసి కాల్చేస్తారు. మనుషుల కంట పడకుండా దేవుడికి చేరాలని. ఆ గ్రిల్ వెలిగించే పని సైలస్‌దే. సంఘంలో ఆయనకున్న ఒకే ఒక్క పదవి అది.

"అన్నం కుక్కర్లో ఉంది. పప్పు వేడి చేసుకోండి," అంది చీటీ నాలుగు మడతలు పెడుతూ. "చేతులేంటి, బొగ్గు పూసుకున్నట్టు?"

"ఆనందబాబు ఆఫీసు మిషన్ విప్పాను."

ప్రేమజ్యోతి మడత మీద గోరుతో గీత గీసింది. "ఆయన పిలిస్తే పోయారా?"

"పోయాను."

"ఏడాదిగా పొద్దున లేస్తే ఆయన్ని తిట్టడం. పిలిస్తే మాత్రం పరుగు."

"నా నేల తిన్నోడిని తిట్టక పూజ చెయ్యమంటావా?"

"నేనేమీ అనలేదండీ." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నేనేమంటే మాత్రం మీకు వినపడుతుంది."

తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. గరాజులో కారు స్టార్ట్ అయ్యేదాకా సైలస్ అలాగే నిలబడి, ఆ తర్వాత లంచ్ బ్యాగులోంచి డిస్క్ తీసి, పాత టవల్లో చుట్టి, బియ్యం డబ్బా అడుగున పెట్టాడు. దొంగతనం చేసినవాడిలా ఎందుకు దాస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట లేదు. నాదే నేను తెచ్చుకున్నాను అని లోలోపల రెండుసార్లు అనుకున్నాడు.

*

అవినాష్‌ది వరంగల్. పక్క వీధి టౌన్‌హోమ్‌లో ఉంటాడు. సంఘం మనిషి కాదు, చర్చి మెట్లెక్కినవాడు కాదు. అమెరికా వచ్చిన కొత్తలో ఆనందబాబు కన్సల్టెన్సీలోనే చేరి, ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేకుండా గెస్ట్‌హౌస్‌లో పడున్నవాడు. అప్పట్లో గెస్ట్‌హౌస్‌కి కూరగాయలు తెచ్చి పడేసేది సైలస్సే. అప్పటి నుంచి అన్నా అంటే అన్నా. ఇప్పుడు పెద్ద కంపెనీలో చేస్తున్నాడు.

శనివారం మధ్యాహ్నం గరాజులో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, పక్కన ఫ్యాన్ పెట్టి కూర్చున్నారిద్దరూ. అవినాష్ భార్య సుధ లోపల్నుంచి టీ, పల్లీలు తెచ్చిపెట్టి, "ఏందన్నా, ఇద్దరు కలిసి బాంబు చేస్తున్నరా?" అని నవ్వి లోపలికెళ్ళింది.

అవినాష్ డిస్క్‌కి ఏదో వైరు తగిలించాడు. "పాతదన్నా, లాక్ గీక్ ఏం లేదు. నీ నసీబు మంచిదే. బయటికొచ్చినవన్నీ నా లాప్‌టాప్‌ల వద్దు, ఈ పెన్‌డ్రైవ్‌లకు పంపిస్తున్న. కానీ ఒకటి చెప్త విను. పేర్లుండయ్. తారీఖులుండయ్. వట్టి నంబర్లే. ఒక్కొక్క బొమ్మ తెరిచి చూసుకుంట పోవాలె."

"ఎన్నుంటాయి?"

"వేలల్ల."

"చూద్దాం. నాకేం పనుంది?"

మొదటి పేజీలో ఏదో బిల్లు. రెండోదీ అదే. ఆ తర్వాత పాస్‌పోర్టులు మొదలయ్యాయి. మీసం రాని కుర్రాళ్ళు, జడ ముందుకేసుకున్న అమ్మాయిలు, అందరూ భయపడ్డట్టు చూస్తున్నారు. సోషల్ సెక్యూరిటీ కార్డులు. బ్యాంకు కాగితాలు. డిగ్రీ సర్టిఫికెట్లు, ఒకే అమ్మాయికి రెండు రకాల అనుభవం చూపిస్తూ రెండు రెజ్యూమెలు. అవినాష్ వేలు టకటకా కొడుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇది నేను."

తెర మీద చిక్కిపోయిన అవినాష్, జుట్టు నిండుగా. కింద పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, నాన్న పేరు రాఘవులు, అమ్మ పేరు శేషమ్మ. తర్వాతి పేజీ పెళ్ళి సర్టిఫికెట్. తర్వాతిది సుధ పాస్‌పోర్టు.

"వీడిని..." అని అవినాష్ పళ్ళు కొరికాడు. "నేను వాడి కంపెనీ ఇడిసి ఎన్నేండ్లాయె! నా పెండ్లాం పుట్టిన తారీఖు తీస్కపోయి తుక్కుల పడేస్తడా? ఇదెవనికన్న దొరికితే, అన్నా, నా పేరు మీద లోన్లు తీస్తడు, టాక్సులు ఫైల్ చేస్తడు. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూల కూసున్నప్పుడు తెలుస్తది నాకు!"

"దొరికింది నాకే కదా."

"అదే అదృష్టం," అన్నాడు అవినాష్. గుక్కెడు టీ తాగి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. ఒక ఆస్పత్రి కాగితం వచ్చింది, ఎవరో అమ్మాయిది, సెలవు కోసం పెట్టుకున్నది. అందులో రాసింది చదివీ చదవకముందే ఇద్దరూ తలలు తిప్పుకున్నారు. అవినాష్ దాన్ని చప్పున దాటేశాడు.

ఆ తర్వాత వచ్చినవి చిన్న చిన్న కాగితాలు. ఒక్కో పేజీలో నాలుగేసి, మడతల గీతలతో సహా. తెలుగు చేతిరాతలు.

"ఇవేందన్నా?"

సైలస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ప్రార్థన చీటీలు."

"గుడిల ముడుపు లెక్కనా?"

"అలాంటిదే. కాల్చేస్తాం వీటిని. నేనే కాలుస్తాను. నా చేత్తో."

కాలిపోయి బూడిదైనవి ఇక్కడ తెల్లగా, నిన్న రాసినట్టు ఉన్నాయి. ఎవరి భర్తో తాగుతున్నాడు. ఎవరికో మూడోసారి కడుపు నిలవలేదు. ఎవరి ఉద్యోగమో పోయింది, ఇంట్లో చెప్పలేదు, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటున్నాడు. కింద సంతకం చూస్తే ఆదివారం కీబోర్డు వాయించే మనిషి. చూడకూడదని సైలస్‌కి తెలుసు. "దాటెయ్, దాటెయ్" అంటూనే చదివాడు.

ఒక చీటీ దగ్గర మాత్రం, "ఆగాగు" అన్నాడు.

పెద్ద పెద్ద అక్షరాలు, గీత మీద గీత. ఆనందబాబు రాత. మైకు ముందు అంత పొడుగు మాట్లాడేవాడు చీటీలో రెండే ముక్కలు రాశాడు. *తండ్రీ, నా కొడుకు నాతో మాట్లాడేలా చెయ్యి. ఫోన్ అయినా ఎత్తేలా చెయ్యి.* కింద సంతకం.

సైలస్ నవ్వాడు. గట్టిగా, కడుపులోంచి. ఏడాదిగా అంత హాయిగా నవ్వలేదు.

"చూశావా? మైకు పట్టుకుంటే కుటుంబం గురించే చెప్తాడయ్యా! పిల్లల్ని దేవుని భయంలో ఎలా పెంచాలి అని! ఇంట్లో కన్నకొడుకు ఫోనెత్తట్లేదంట!" తొడ మీద చరుచుకున్నాడు. "దీన్ని ప్రింట్ తీసివ్వు నాకు. నేల కాగితం దొరక్కపోయినా పర్లేదు. ఇదొక్కటి చాలు. రేపు ఆరాధనలో..."

అవినాష్ నవ్వలేదు. సర్లే అన్నట్టు తలూపి వేలు కొట్టాడు. తర్వాతి పేజీ తెరుచుకుంది.

పై చీటీ సైలస్‌కి చదవక్కర్లేకుండానే తెలిసింది. 'ప్ర' కింద తోక చివరిదాకా లాగి మళ్ళీ పైకి తిప్పే రాత. సరుకుల చీటీల మీద, ఫ్రిజ్ మీద, తన మందుల సీసాల మీద రోజూ చూసే రాత. *ప్రభువా, మా ఆయన*...

అరచెయ్యి తెర మీద పడింది. పల్లీల గిన్నె తగిలి కింద దొర్లింది.

"మూసెయ్."

"అన్నా..."

"మూసెయ్ అంటున్నానా!"

అవినాష్ మూత దించాడు. చెయ్యి పెట్టడం తనే ఆలస్యం చేశాడో, అవినాష్ కళ్ళు చురుకైనవో గానీ, ఆ కుర్రాడు చదివేశాడు. మొహంలో తెలుస్తోంది. వంగి పల్లీలు ఏరుతున్నాడు, ఒక్కొక్కటీ, అక్కర్లేనంత నిదానంగా.

"చదివావా?"

"లేదన్నా. ఏం కనపడలే."

"అబద్ధం."

"ఒట్టన్నా." పల్లీలు గిన్నెలో పోసి, గిన్నె బల్ల మీద పెట్టి, దాన్ని కాస్త ఇటు, కాస్త అటు జరిపాడు. "ఇంకో కప్పు టీ తాగుతవా? సుధనడుగుత."

"వద్దు."

"భోంచేసి పో అన్నా. చికెన్ వండింది."

"వద్దయ్యా."

గిన్నె వైపే చూస్తూ అన్నాడు అవినాష్. "వదిన... నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి, అన్నా, ఇంట్ల వంట నువ్వు చేస్తవా?"

ఆ ప్రశ్న ఎక్కడ తగిలిందో సైలస్‌కి వెంటనే అర్థం కాలేదు. తన మీద జాలిపడతాడనుకున్నాడు. ఆ జాలి తన మీద కాదు. తన ఇంట్లో, తన పక్కన, తన అన్నం వండిపెట్టే మనిషి మీద. ఆ మనిషి గురించి తనకి తెలియనిదేదో పక్క వీధి కుర్రాడికి ఇప్పుడు తెలుసు. ఎంతసేపు కలిసి కూర్చున్నా, ఇక మీదట ఎన్నేళ్ళు అన్నా అని పిలిచినా, ఆ పిలుపు వెనక ఆ చీటీ ఉంటుంది.

"డిస్క్ తియ్యి," అన్నాడు.

"అన్నా, ఇంక సగం గూడ చూడలే. నీ కాగితం ముందట ఉంటదేమో. నువ్వు లోపల కూసో, నేనొక్కణ్ణే వెతుకుత. వేరేది ఏదొచ్చినా చూడ..."

"చూడకుండా ఎలా వెతుకుతావు?"

అవినాష్ లాప్‌టాప్ మూత మీద నుంచి చెయ్యి తీశాడు.

"నువ్వే అన్నావు కదా, పేర్లుండవు, ఒక్కొక్కటి తెరవాల్సిందేనని. నా ఒక్క కాగితం కోసం వాళ్ళ కాపురాలన్నీ విప్పి చూడాలి. నువ్వు కాకపోతే లాయరు చూస్తాడు. లాయరు కాకపోతే ఇంకోడు. తియ్యవయ్యా."

"లాయర్ దగ్గరికి పోదామన్నా, వీడిని గుంజుదాం! ఇన్ని పాస్‌పోర్టులు ఇట్ల పడేసినందుకు..."

"పోదాం. అక్కడ టేబుల్ మీద పెట్టాక మీ ఆవిడ కాగితాలు కూడా అందరూ చూస్తారు. పర్లేదా నీకు?"

అవినాష్ లోపలి తలుపు వైపు చూశాడు. లోపల సుధ ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ నవ్వుతోంది. అతను వైరు పీకి, డిస్క్, పెన్‌డ్రైవ్ రెండూ బల్ల మీద పెట్టాడు.

"లాప్‌టాప్‌లో ఏమన్నా మిగిలిందా?"

"ఏం లేదన్నా. అన్నీ ఇందులకే పోయినయ్."

"డ్రిల్ ఉందా?"

గోడకి తగిలించి ఉంది. అవినాష్ పాత చెక్క ముక్క తెచ్చి కింద పెట్టాడు. కళ్ళద్దాలిచ్చాడు. సైలస్ మోకాలితో చెక్కని అదిమిపట్టి, డిస్క్ మీద మొన ఆనించి నొక్కాడు. మొదట జారింది, పైన గీత పడింది. తీసి, మేకుతో చిన్న గుంట కొట్టి, మళ్ళీ ఆనించాడు. కీచుమని అరుస్తూ పై రేకు లోపలికి దిగింది. ఆ కింద, బొమ్మలన్నీ దాచుకునే గుండ్రటి పళ్ళెం దగ్గర చప్పుడు మారింది, పింగాణీ గీరినట్టు. సన్నటి వెండి రజను ఉంగరాలు ఉంగరాలుగా పైకి లేచి చేతి వెంట్రుకల మీద పడింది. ఒక్క కన్నం చాలదు, మిగతా పళ్ళెం చదవొచ్చని గోడౌన్‌లో చెప్తారు. తిప్పి తిప్పి పొడిచాడు. ఎక్కడో ఒక కన్నం కింద తన సంతకమూ ఆనందబాబు సంతకమూ పక్కపక్కన ఉన్నాయి. ఏ కన్నమో తెలియదు. పెన్‌డ్రైవ్‌ని సుత్తితో ఒక్క దెబ్బ కొడితే చితికిపోయింది.

సంఘం పరువు కోసం చేశానని ఎవరికైనా చెప్పుకోవచ్చు, వినడానికి బాగుంటుంది. నిజం అది కాదు. 'మా ఆయన' తర్వాత ఏముందో ఇంకెవరూ చదవకూడదు. అంతే. మిగతావాళ్ళ కష్టాలు దానితో పాటు పోయాయి. అవినాష్ తలకాయలో ఉన్నదానికి మాత్రం డ్రిల్ లేదు.

గేటు దాకా వచ్చిన అవినాష్ ఏదో అనబోయి, "ఎండ బాగ కొడుతుంది అన్నా, పైలం" అన్నాడు.

*

ఆదివారం పొద్దున ప్రేమజ్యోతి డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటగదిలో ఉప్మా వాసన. గట్టు తుడిచి ఉంది. రెండు ప్లేట్లు పెట్టి ఉన్నాయి. ఆవిడ బ్యాగు దించకుండానే నిలబడిపోయింది.

"ఏమైంది?"

"ఏమవుతుంది? ఉప్మా చేశాను."

"ఒంట్లో బాగుందా? ఉద్యోగం గానీ పోయిందా?"

"తిను ముందు."

ఉప్పు తగ్గింది. ఆవిడ కొంచెం పచ్చడి వేసుకుంది. తింటూ తింటూ మధ్యలో రెండుసార్లు తలెత్తి చూసింది. ఆయన ప్లేటు వైపే చూస్తున్నాడు. 'మా ఆయన.' మా ఆయన నోరు మూయించు అని రాసిందా? మా ఆయనకి నేను కనిపించేలా చెయ్యి అని రాసిందా? మా ఆయన్ని భరించే ఓపిక ఇయ్యి అని రాసిందా? నోరు తెరిచి అడిగితే చెప్తుందేమో. అడగాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ప్రతి రోజూ ఆ టైముకి ఆనందబాబు మీద మొదలుపెట్టే మాటలు ఈ పొద్దున సైలస్ నోటికి రాలేదు. వాటి జాగాలో ఏం మాట్లాడాలో తెలియక, "ఇంకాస్త వెయ్యనా?" అన్నాడు.

"కొంచెం వెయ్యండి," అంది ప్రేమజ్యోతి.

అది నెలాఖరు ఆదివారం. ఆరాధన అయిపోయాక హాలు వెనక గ్రిల్ దగ్గర సైలస్ బొగ్గులు గుట్ట పోసి నిప్పంటించాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ప్రిస్సిల్లా చీటీల కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అన్నీ ఉన్నాయన్నయ్యా. అసలూ కాపీలూ."

"అన్నీ ఉన్నాయా?" అన్నాడు సైలస్. తర్వాత గొంతు తగ్గించి, "ప్రిస్సిల్లమ్మా, కొత్త మిషన్‌లో చీటీలు పెట్టకు. కాపీలు మానెయ్. ఫోన్ చేసి చెప్పు, లేకపోతే చేత్తో రాసివ్వు" అన్నాడు.

"ఎందుకన్నయ్యా?"

"గుర్తుపెట్టుకుంటుంది అది."

ఆవిడకి అర్థమైనట్టు లేదు. కానీ ఆయన మొహం చూసి, నవ్వబోయిన నవ్వు ఆపుకుని తలూపింది.

చీటీలు గుప్పెడు గుప్పెడు వేస్తుంటే అంచులు నల్లబడి, ముడుచుకుని, మడతలు వాటంతటవే విచ్చుకుంటున్నాయి. విచ్చుకున్నప్పుడు అక్షరాలు ఒక్క క్షణం కనిపిస్తాయి. ఇన్నేళ్ళుగా ఆ క్షణంలో దొంగచూపు చూసే అలవాటుంది ఆయనకి. ఇవాళ గోడవైపు చూస్తూ పొడుగాటి పటకారుతో కదిపాడు.

ఆనందబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. సిల్కు చొక్కా, చేతిలో ఫోన్. ఎవరికో చేసి, చెవి దగ్గర పెట్టుకుని, ఎత్తలేదేమో, దించి జేబులో పెట్టుకున్నాడు. సైలస్ అది చూశాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. 'అబ్బాయి మాట్లాడుతున్నాడాండీ?' నలుగురి మధ్యలో, మర్యాదగా. ఆ పెద్ద మొహం ఎలా వాడిపోతుందో కళ్ళ ముందు కనిపించింది కూడా.

సైలస్ పటకారుతో బొగ్గు ఒకటి తిప్పాడు.

ఆనందబాబు జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. ప్రిస్సిల్లాకి ఇవ్వడం మరిచిపోయాడో, ఎవరూ చూడకూడదనుకున్నాడో. తిన్నగా నిప్పుల్లో వేసి, అది కాలేదాకా చూశాడు. ఇద్దరూ చూశారు.

"సైలసూ," అన్నాడు తర్వాత, మామూలు గొంతుతో. "ఆ మిషన్ పడేశావా?"

"పడేశానండి."

"నీకేం ఖర్చు కాలేదుగా?"

హాలు మెట్ల మీద ప్రేమజ్యోతి కూర్చుని చెప్పులు సరిచేసుకుంటోంది. ఇంటికి పోదామన్నట్టు ఇటే చూస్తోంది.

"ఏం కాలేదండి," అన్నాడు సైలస్, పటకారు గ్రిల్‌కి తగిలిస్తూ.

రెండు వందల నలభై రెండు గజాలు. అంటే సరిగ్గా అయిదు సెంట్లు. తూర్పు ముఖం, చీరాల రోడ్డు వారగా.